సెకన్ల మావయ్య ఆంగ్లదుర్గ విజయం

మండుటెండల ప్రతాపం అణగి, మేఘసైన్యాలు మేడల నెత్తిన విడిది దిగి, బాల్కనీల్లో ఆరేసిన బట్టలన్నీ యుద్ధపతాకల్లా రెపరెపలాడుతున్న ఒకానొక మంగళవారపు సాయంసంధ్యలో, సరిగ్గా ఏడు గంటల పదిహేను నిమిషాల నలభై సెకన్లకు, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో, నాలుగు కుర్చీల భోజనాల బల్ల మీద, కూర గిన్నెకూ నీళ్ల జగ్గుకూ నడుమ, ఒక మహాకుట్ర తల ఎత్తింది.

శ్రోతలారా, దగ్గరికి జరగండి. ఇందులో ఏనుగులు ఘీంకరించవు, ధనుస్సులు విరగవు. చిందేది రక్తం కాదు, గ్లాసెడు మంచినీళ్లు. అయినా ఆరు రోజుల గడువు, ఒంటరి యోధుడు, ఆరువందల పదహారు పేజీల ఇంగ్లీషు నవల. గుండె దిటవు చేసుకొని వినండి.

ఆ బల్లకు కిటికీ వైపున కూర్చున్నవాడు మన కథానాయకుడు. గడియారకులోద్ధారకుడు, సూక్ష్మయంత్రవిచ్ఛేదనధురంధరుడు, వామనేత్రకాచధారి, ఆగిపోయినవాటిని నలభై ఒక్క ఏళ్లుగా నడిపిస్తున్న వాచీల మెకానిక్కు. టైమెంతని ఎవరడిగినా సెకన్లతో సహా చెబుతాడు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని సెకన్ల మావయ్య అంటుంది. పక్కన ఆయన భార్య. ఎదురుగా కూతురు, బీమా ఆఫీసులో క్లెయిములు చూస్తుంది. కూతురి పక్కన అల్లుడు, మందుల దుకాణం నడుపుతాడు.

కూతురికీ అల్లుడికీ ఒక కోట ఉంది. దాని పేరు ఇంగ్లీషు. పెద్దవాళ్ల చెవిన పడకూడని సంగతి ఏది వచ్చినా, పెళ్లయిన అయిదేళ్లుగా, ఇద్దరూ చటుక్కున ఆ కోటలోకి దూరి తలుపు వేసుకుంటారు. "అమ్మా, కూర ఇటు జరుపు" అన్న తెలుగు నోట్లో ఉండగానే గడగడా ఇంగ్లీషు మొదలవుతుంది. కంచం ముందు పెట్టుకొని కోటగోడ బయట కూర్చోవడం మన వీరుడి వంతు. మధ్యమధ్య వాళ్లు తనవైపు చూస్తారు. నవ్వుతారు. తన ఇంట్లో, తన ముందే, తన గురించి ఏమంటున్నారో తెలియకపోవడం కన్నా మనిషికి అవమానం ఏముంటుంది?

ఆ మంగళవారం ఆ వాక్ప్రవాహంలోంచి మూడు బాణాలు వచ్చి ఆయన చెవిలో దిగబడ్డాయి.

షాప్. క్లోజ్. మండే.

మొదటిది తన దుకాణం. రెండోది తన దుకాణం తలుపుకే దారం కట్టి వేలాడే అట్టముక్క మీది మాట. మూడోది సోమవారం.

ముద్ద నోటి ముందు ఆగిపోయింది.

"ఏంటమ్మా, ఏదో అంటున్నారు?"

"ఏం లేదు నాన్నా. ఆఫీసు గొడవ."

"మావయ్యగారూ, కూర అసలు వేసుకోలేదేంటి?" అన్నాడు అల్లుడు, గరిటె అందుకుంటూ.

అదే రుజువు. అయిదేళ్లలో ఏనాడూ గరిటె పట్టని అల్లుడు అడక్కుండా వడ్డించాడంటే వెనక ఏదో పెద్దదే ఉంది. దుకాణం మూసేయబోతున్నారు. సోమవారం ముహూర్తం. చేతిలో ఉన్నవి ఆరు రోజులు.

నిజానికి యుద్ధం నాలుగు నెలల కిందటే మొదలైంది.

అప్పట్లో ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు నత్తనడక నడుస్తున్న వాచీ తెచ్చి దుకాణంలో స్టూలు మీద కూర్చున్నారు. మన వీరుడు ఆయన ముందు కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

"మా వాళ్లు తిట్టుకున్నా నాకు తెలీదు మాస్టారూ, పొగిడినా తెలీదు. ఈ వయసులో ఇంగ్లీషు నేర్పే మందేదైనా ఉందా?"

"మందు లేదుగానీ పథ్యం ఉంది. నవల చదవండి" అని మాస్టారు మర్నాడు ఒక పాత నవల తెచ్చి ఇచ్చారు. అట్ట మీద గుర్రపు బండి. "కథ పట్టుకొని పోతూ ఉండండి. తెలియని మాట వస్తే దాటేసి పోండి. ఎక్కడా ఆగొద్దు. నాలుగోసారి ఎదురయ్యేసరికి అదే చెబుతుంది తన పేరు."

దాటేసి పోవడమా! శ్రోతలారా, చీమ కంటికి కూడా ఆనని మరలను చిమటా అనే బుల్లి పట్టకారుతో ఎత్తి, పెట్రోలులో స్నానం చేయించి, ఆరబెట్టి, తిరిగి స్వస్థానాల్లో ప్రతిష్ఠించే ఆ శుచిశీలుడు, ఆ నిశితదృష్టి, ఆ అణుమాత్రోపేక్షారహితుడు, ఒక్క భాగాన్ని చూడకుండా మూత బిగిస్తాడా? మాస్టారు మెట్లు దిగగానే, నాలుగు కిలోల నిఘంటువు ఒకటి సంపాదించి, ఎడమకంటికి భూతద్దం బిగించి, మొదటి వాక్యం మీద ఒరిగాడు.

ఆ వాక్యంలో ఎనభై ఏడు మాటలున్నాయి.

ఆయన దాన్ని వాచీలాగే విప్పాడు. ఒక్కో మాటనూ చీటీ మీద రాసి, అర్థం వెతికి వెనకవైపు రాసి, రేకు డబ్బాల్లోకి చేర్చాడు. పొడవాటి మాటలు స్ప్రింగుల డబ్బాలోకి. మధ్యరకం పళ్ల చక్రాల డబ్బాలోకి. మూడక్షరాల పొట్టివన్నీ మరల డబ్బాలోకి. వారం తర్వాత వాక్యం ఆసాంతం విడిపోయి, శుభ్రంగా, తళతళలాడుతూ బల్ల మీద పరుచుకొని ఉంది. అర్థం మాత్రం ఎటో పోయింది.

సరే, తిరిగి బిగించాడు. బిగించడానికి ఇంకో వారం పట్టింది. చివర్లో చూసుకుంటే ఒక చీటీ మిగిలిపోయింది. దాని మీద "హౌఎవర్" అని ఉంది.

వాచీల మెకానిక్కుకు ఇంతకన్నా తలవంపు లేదు. మూత బిగించాక బల్ల మీద ఒక మర మిగిలిందంటే ఆ చేతిపని పనికిరాదని లెక్క. మళ్లీ విప్పాడు. ఈసారి "హౌఎవర్" ఇమిడింది, "ఆల్దో" మిగిలింది. ఇలా నాలుగు నెలలు గడిచాయి. మన మహావీరుడు మూడో పేజీలో ఉన్నాడు. అట్ట మీది గుర్రపు బండి ఇంకా కథలోకి రానేలేదు. రాత్రుళ్లు ఇంట్లోనూ అద్దం బిగించుకొని కూర్చునేవాడు; ఎవరైనా అడిగితే, "మాస్టారి పుస్తకం, అట్ట ఊడితే అంటిస్తున్నా" అనేవాడు. నాలుగు నెలలుగా ఒకే అట్ట అంటించే మనిషిని చూసి కూతురు చాలాసార్లు కనుబొమలు ముడిచింది. ఆ చూపు ఆయన గమనించలేదు. గమనించి ఉంటే ఈ గాథ ఇంత పొడవుండేది కాదు.

ఇదీ ఆ మంగళవారానికి సైన్యబలం. బుధవారం ఉదయం తొమ్మిదింటికి దుకాణం షట్టరు ఎత్తి, నలభై రెండు గోడగడియారాలు ఏకకంఠంతో టిక్కుమంటుండగా, నిఘంటువు మీద అరచేయి వేసి ఆయన ప్రతిజ్ఞ చేశాడు.

"ఓ పదసహస్రగర్భా! ఓ భారస్థూలకాయా! ఆదివారం మధ్యాహ్నభోజనంలోగా ఈ నవలలోని ప్రథమాధ్యాయాన్ని పేజీ పేజీగా జయిస్తాను. ఆ జయించిన మాటలను ఆయుధాలుగా ధరించి నా కూతురి కోటగోడ ఎక్కుతాను. ఎక్కలేకపోతినా, ఈ ఎడమకంటి అద్దాన్ని శాశ్వతంగా విసర్జిస్తాను. ఇది మొదలు నాకు నిద్ర లేదు, టీ లేదు, పేపరు లేదు!"

"వాచీకి బెల్టు వేస్తారా?" అంది ఎప్పుడొచ్చిందో తెలియని ఒకావిడ, గుమ్మంలో నిలబడి.

బెల్టు వేశాడు. టీ కూడా తాగాడు. ఆ రోజు ఒక వాక్యం విప్పాడు. గురువారం మిట్టమధ్యాహ్నానికి ఇంకో సగం వాక్యం. ఆ లెక్కన మొదటి అధ్యాయం పూర్తి కావడానికి ఏడాదిన్నర పడుతుందని వేళ్ల మీద తేలింది. సోమవారానికి నాలుగే రోజులు.

సరిగ్గా ఆ ఘోరనిరాశాసమయంలో, చేత భోజనపాత్ర ధరించి, భుజాన సంచీ తగిలించుకొని, ధర్మపత్ని దుకాణంలో ప్రవేశించింది. బల్లంతా చీటీలు. చీటీల మధ్య భర్త, కన్ను ఎర్రబడి, జుట్టు చెదిరి, చేతి చిమటాలో ఒక "వేర్‌యాజ్" పట్టుకొని.

"ఏమండీ, ఇదేంటి? పెళ్లికి పిలుపుల చీటీలా?"

"నవ్వకు. ఇంగ్లీషు."

"ఇంగ్లీషు ఇలా ఉంటుందా? పిల్లలు మాట్లాడుతుంటే గడగడా వస్తుంది. మీ దగ్గర ముక్కలుముక్కలుగా ఉందేంటి?"

ఇక దాచలేకపోయాడు. షాపు, క్లోజు, మండే, అంతా చెప్పాడు. ఆమె స్టూలు మీద కూర్చొని నిమ్మళంగా వింది.

"అయితే అమ్మాయినే అడగచ్చుగా? తెలుగులో?"

"అడిగాను. ఆఫీసు గొడవంది."

"మరి మాస్టారేం చెప్పారు?"

"ఆగకుండా చదువుతూ పొమ్మన్నారు. తెలియనివి వదిలేయమన్నారు. అలా ఎలా వదుల్తానే? నా చేతిలో పడ్డ ఏ సరుకైనా..."

"సరే గానీ, టైమెంత?"

వీరుడు తల తిప్పి గోడకేసి చూశాడు. "పన్నెండూ నలభై రెండూ పద్దెనిమిది సెకన్లు."

"ఏ వాచీ విప్పారు?"

"విప్పడమేంటి?"

"ఇప్పుడు టైము చెప్పారుగా. విప్పకుండా ఎలా చెప్పారు?"

"టైము చూడ్డానికి వాచీ ఎవడైనా విప్పుతాడా? ఆగిపోతే విప్పుతారు గానీ, నడిచే వాచీని..."

అక్కడ ఆయన నోరు ఆగింది. గోడ మీద నలభై రెండు గడియారాలు ఆగలేదు.

"మరి ఆ పుస్తకం ఏమైనా ఆగిపోయి మీ దగ్గరికొచ్చిందా?" అంది ఆమె, గిన్నె మూత తీస్తూ. "బాగున్నదాన్ని పట్టుకొని నాలుగు నెలల్నుంచి రిపేరు చేస్తున్నారు. అన్నం తినండి, చల్లారిపోతుంది."

తిన్నాడు. ఏం తిన్నాడో తెలియలేదు. ఆమె వెళ్తూ వెళ్తూ నిఘంటువును ఎత్తి సంచీలో వేసుకుంది.

"ఏయ్, అది నా ఆయుధం!"

"ఆదివారం దాకా నా దగ్గరుంటుంది. వంటింటి కిటికీ తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది, అడ్డం పెడతా."

అలా, సరస్వతీదేవి స్వయంగా నిద్రించే ఆ మహాగ్రంథం వంటింటి కిటికీకి కావలి కాయడానికి వెళ్లిపోగా, నిరాయుధుడై, నిస్సహాయుడై, చేతిలో నవల ఒక్కటే మిగిలిన మన వీరుడు శుక్రవారం ఉదయం నాలుగో పేజీ తెరిచి, కంటి అద్దం పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి, మొట్టమొదటిసారి ఆగకుండా చదివాడు.

అయ్యో, ఆ యాతన! తెలియని మాట ఎదురైన ప్రతిసారీ కుడిచేయి అలవాటు కొద్దీ చిమటా వైపు పాకింది. ఆయన ఆ చేతిని తొడ కింద పెట్టుకొని దాని మీద కూర్చున్నాడు. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం విడుదల చేసి, మళ్లీ అదుపులోకి తీసుకున్నాడు. నాలుగో పేజీ పొగమంచు. అయిదో పేజీలో ఎవరో ముసలాయన ఉన్నాడని తెలిసింది. ఆరో పేజీలో ఆయన జేబులో ఉత్తరం ఉందనీ, తెల్లారేలోగా అది నది అవతలికి చేరకపోతే ఒక అమాయకుడు జైలుకు పోతాడనీ తెలిసింది. అంతే. మన వీరుడు చేయి సంగతి మరిచిపోయాడు. బెల్టు బిగుతైందని ఒకాయన వస్తే, "కూర్చోండి, ఉత్తరం ఇంకా చేరలేదు" అన్నాడు. ఆయన కూర్చొని, కాసేపు చూసి, వెళ్లిపోయాడు.

శనివారం మధ్యాహ్నం, తొమ్మిదో పేజీలో, గుర్రపు బండి వచ్చేసింది.

కుంభవృష్టి. ఉప్పొంగిన నది. ఊగుతున్న వంతెన. ముసలాయన బండి వంతెన దగ్గరికి వచ్చేసరికి గుర్రం ఆగింది. నాలుగు కాళ్లూ నేలలో పాతింది, చెవులు వెనక్కి వాల్చింది. కొరడాకు కదల్లేదు, బుజ్జగింపుకు కదల్లేదు. ఆ గుర్రం పక్కన ఒక కొత్త మాట నిలబడి ఉంది: రిలక్టెంట్.

చేయి బల్ల మీద తడుముకుంది. నిఘంటువు లేదు. ముందుకు పోయాడు. పదో పేజీలో, కాపలావాడు గేటు తీయడానికి రిలక్టెంట్. పదకొండో పేజీలో, ముసలాయన తన గొడుగు పక్కవాడికి ఇవ్వడానికి రిలక్టెంట్. మన వీరుడు పుస్తకం దించి, గోడకేసి చూశాడు. గుర్రానికి కాళ్లున్నాయి. కాపలావాడికి తాళంచెవి ఉంది. ముసలాయనకు గొడుగుంది. ఎవరికీ చేతగాక కాదు. మనసొప్పక.

"ఓహో!" అన్నాడు పైకే. "మా తమ్ముడు పెళ్లిచూపులకు వెళ్లినట్టు!"

ఎవరూ చెప్పలేదు. ఏ పుస్తకంలోనూ వెతకలేదు. వానలో తడుస్తూ మొండికేసిన ఒక గుర్రం తనంతట తాను వచ్చి అర్థం చెప్పి పోయింది. ఆ సాయంత్రం ఆరుంబావు ఏడు సెకన్లకు ప్రథమాధ్యాయం ముగిసింది. ఉత్తరం సగం వంతెన మీద ఉండిపోయింది.

ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంట. బంగాళాదుంపల వేపుడు. నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు. కూతురు అల్లుడి వైపు ఓరగా చూసింది. అల్లుడు తలూపాడు. కోట తలుపులు మూసుకున్నాయి.

ఇన్నాళ్లూ మన వీరుడు చేసిన పొరపాటు ఏమిటంటే, విన్నప్పుడు కూడా విప్పడమే. ఒక తెలిసిన మాట చెవిన పడగానే దాన్ని చిమటాతో పట్టుకొని అక్కడే ఆగేవాడు. ఈలోగా మిగతా వాక్యం బస్సులా సాగిపోయేది. ఈసారి ఆయన ఏ మాటనూ పట్టుకోలేదు. అన్నం కలుపుతూ, చూపు కంచంలోనే నిలిపి, వాక్యాన్ని చివరిదాకా నడవనిచ్చాడు.

"వుయ్ మస్ట్ క్లోజ్ ద షాప్ ఆన్ మండే అండ్ టేక్ హిమ్ టు ద ఐ డాక్టర్," అంది కూతురు చాలా మామూలుగా, వేపుడు వడ్డించుకుంటూ. "బట్ హి విల్ బి రిలక్టెంట్."

వంతెన. వాన. నాలుగు కాళ్లు పాతిన గుర్రం. ఆ గుర్రం తల తిప్పి చూస్తే దాని ముఖం అచ్చం తనదే.

ఐ అంటే కన్ను. డాక్టర్ అంటే డాక్టరే. మూసేది సోమవారం ఒక్కరోజే. నాలుగు నెలలుగా పుస్తకాన్ని ముక్కుకు ఆనించి, అద్దం బిగించి చదువుతున్న నాన్న కళ్లకు ఏమైందోనని ఆ పిల్ల భయపడుతోంది. చెబితే ఒప్పుకోడని తెలుసు. గత పదేళ్లలో పంటి డాక్టరుకూ, చెవి డాక్టరుకూ ఆయనిచ్చిన మర్యాద ఆమెకు గుర్తుంది.

వీరుడు ముద్ద మింగాడు. గ్లాసెత్తి ఒక గుక్క నీళ్లు తాగాడు. గ్లాసు దించాడు. ఆపైన, మేఘాల్లోంచి పిడుగు దిగినట్టు పలికాడు.

"రిలక్టెంట్ ఏం కాదమ్మా. వస్తాను."

అల్లుడి చేతిలో గ్లాసు జారింది. గ్లాసెడు మంచినీళ్లు బల్ల మీద పారి వేపుడు గిన్నెను చుట్టుముట్టాయి. ఎవరూ తుడవలేదు.

"నాన్నా!" అంది కూతురు. "నీకు... ఇంగ్లీషు అర్థమవుతుందా?"

వీరుడు వేపుడు ముక్క నోట్లో వేసుకొని నెమ్మదిగా నమిలాడు.

"ఎప్పట్నుంచి?"

ఆయన సమాధానం చెప్పబోయాడు. చెబితే నిన్న సాయంత్రం నుంచి అని చెప్పాలి. అంతలో ఎదురుగా ఉన్న రెండు ముఖాలు కనిపించాయి. అయిదేళ్ల భోజనాలు, రోజుకు రెండు పూటలు, ఆ ముఖాల మీద వరసగా వెనక్కి తిరుగుతున్నాయి. వీరుడు నోరు మూసుకున్నాడు. సన్నగా నవ్వాడు.

ఆ నవ్వు పనిచేసింది.

"మావయ్యగారూ," అన్నాడు అల్లుడు, చెమట తుడుచుకుంటూ, "ఆ గురక సంగతి... లారీ అన్నది ఊరికే సరదాకి. నిజానికి అంత చప్పుడేం కాదు."

వీరుడు ఉదారంగా తలపంకించాడు.

"నాన్నా, నీ ఆ గళ్ల చొక్కా దండెం మీంచి ఎగిరిపోయిందన్నాం కదా. నేనే పారేశాను. దాన్ని వేసుకొని మా ఆఫీసుకు రావద్దని ఎంత చెప్పినా..."

"పర్లేదమ్మా."

"పోయిన పండక్కి," అన్నాడు అల్లుడు, "ఊరెళ్తున్నామని మీకు చెప్పాం. వెళ్లలేదు. సినిమాకెళ్లాం."

ధర్మపత్ని జగ్గు అందుకుంది. మంచినీళ్లు వడ్డించే నెపంతో భర్త చెవి దగ్గరికి వంగింది.

"నిజం చెప్పండి. ఎన్ని మాటలు వచ్చాయి మీకు?"

"అదొక్కటే."

"అయితే కదలకుండా తినండి," అంది ఆమె పెదవి కదపకుండా. "ఇంకా ఏవో చెప్పేట్టున్నారు."

అప్పుడు ఆ ధీరోదాత్తుడు, ఆ మితభాషాభీకరుడు, ఏకపదాయుధుడు, ఆరువందల పదహారు పేజీల సామ్రాజ్యంలో పన్నెండింటిని మాత్రమే జయించి అయిదేళ్ల దుర్గాన్ని నేలమట్టం చేసినవాడు, వెన్ను నిటారుగా పెట్టి, రెండోసారి వేపుడు వడ్డించుకొని, సమస్తమూ తెలిసినవాడి చూపుతో అల్లుడి వైపు తిరిగాడు. అల్లుడు గొంతు సవరించుకున్నాడు. దిక్కులారా, వినండి. మేఘాలారా, చాటండి. ఆ ఆదివారం ఒంటిగంట పదిహేడు నిమిషాల మూడు సెకన్లకు, ఆ భోజనాల బల్ల మీద ఇంగ్లీషు సంపూర్ణంగా లొంగిపోయింది. మిగిలిన కుట్రలన్నీ ఒక్కొక్కటిగా, చేతులు కట్టుకొని, తెలుగులో బయటికి వచ్చాయి.